తొలి నెదర్లాండ్స్ చిత్రకళలో రాత్రివేళ క్రీస్తు జననదృశ్యం: ఆధారగ్రంథం, వెలుగు, చీకటి

వ్యాససంగ్రహం:

15వ శతాబ్దపు నెదర్లాండ్స్ చిత్రకారులు క్రీస్తు జననాన్ని రాత్రివేళ దృశ్యంగా చిత్రించడానికి స్వీడన్‌కు చెందిన పునీత బ్రిజిత దర్శనం మూలమని కళాచరిత్ర గ్రంథాలు సాధారణంగా పేర్కొంటాయి. అయితే ఆ దర్శనాన్ని సన్నిహితంగా అనుసరించిన ప్రసిద్ధ చిత్రాలలో పగటి వెలుతురే కనిపిస్తుంది. రాత్రిని సంపూర్ణంగా చూపిన చిత్రమేమో ఆ దర్శనంలోని ముఖ్య వివరాలను విడిచిపెట్టింది. ఈ వైరుధ్యాన్ని పరిశీలించి, రాత్రి అనే అంశం జననదృశ్యంలోకి గొఱ్ఱెల కాపరుల కథనం నుండి, దానిని చిత్రించిన సంప్రదాయం నుండి ప్రవేశించిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నెదర్లాండ్స్ చిత్రకళ, క్రీస్తు జననం, గేర్ట్‌గెన్, పునీత బ్రిజిత, ప్రతిమాశాస్త్రం, వెలుగునీడలు.

1. ఉపోద్ఘాతం:

లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో 34 సెం.మీ. ఎత్తు, 25.3 సెం.మీ. వెడల్పు గల చిన్న ఓక్ చెక్కపలక ఉంది. దానిపై తైలవర్ణాలతో చిత్రించిన క్రీస్తు జననదృశ్యాన్ని హార్లెమ్ చిత్రకారుడు గేర్ట్‌గెన్ టాట్ సింట్ యాన్స్ రచనగా పరిగణిస్తున్నారు. కాలం సుమారు 1490. పలక నాలుగు అంచులూ కొంత కత్తిరింపునకు గురయ్యాయి. 1904లో జరిగిన అగ్నిప్రమాదంలో చిత్రం దెబ్బతిన్నది. ఇన్ని నష్టాల తరువాత కూడా, జననదృశ్యాన్ని రాత్రివేళగా నమ్మదగిన రీతిలో చూపిన తొలి చిత్రాలలో ఒకటిగా దీనికి గుర్తింపు ఉంది.

పశువులశాలలో చీకటి అలముకొని ఉంటుంది. చిత్రం దిగువభాగంలో తొట్టిలో పడుకున్న శిశువు దేహం నుండే వెలుగు వెలువడుతుంది. ఆ వెలుగు ఎడమవైపు చేరిన చిన్న దేవదూతల ముఖాలపై, కుడివైపున చేతులు జోడించి వంగి చూస్తున్న మరియ ముఖంపై పడుతుంది. ఎద్దు, గాడిద తలలు చీకటిలోంచి సగం బయటపడతాయి. మరియ వెనుక యోసేపు దాదాపు నీడగా మిగులుతాడు. శాల వెనుక భాగంలోని తెరపి గుండా దూరాన ఒక కొండ, దానిపై మంట చుట్టూ కాపరులు, వారికి పైన ఆకాశంలో తెల్లని కాంతితో ఒక దూత కనిపిస్తారు.

ఈ దృశ్యానికి ఆధారం ఏమిటన్నది ప్రతిమాశాస్త్రంలో చాలాకాలంగా ఉన్న ప్రశ్న. ఆ ప్రశ్నకు అలవాటుగా వచ్చే సమాధానం ఎంతవరకు సరిపోతుందో ఇక్కడ పరిశీలించడం జరిగింది.

2. పునీత బ్రిజిత దర్శనం - అందులోని వెలుగు:

పునీత బ్రిజిత (1303-1373) జీవిత చరమదశలో పవిత్రభూమికి యాత్ర చేసింది. 1372లో బెత్లెహేములో ఆమెకు క్రీస్తు జననం దర్శనరూపంలో గోచరించిందని ఆమె 'దర్శనాలు' గ్రంథం 7వ భాగంలో ఉంది. ఆ కథనంలో చిత్రకారుడికి పనికివచ్చే వివరాలు అనేకం. యోసేపు వెలిగించిన కొవ్వొత్తిని తెచ్చి గోడకు అమర్చి బయటికి వెళతాడు. మరియ పైవస్త్రాన్ని, తలముసుగును తొలగించి తెల్లని లోవస్త్రంతో, విరబోసిన జుట్టుతో మోకరిల్లి ప్రార్థిస్తుంది. క్షణకాలంలో ప్రసవం జరుగుతుంది. శిశువు నేలమీద నగ్నంగా పడి ఉంటాడు. అతని నుండి వెలువడిన తేజస్సుకు సూర్యుడు సైతం సాటిరాడు. కొవ్వొత్తి వెలుగు ఆ తేజస్సులో పూర్తిగా లుప్తమవుతుంది.

జననదృశ్యాలపై ఈ దర్శనం చూపిన ప్రభావాన్ని హెన్రిక్ కార్నెల్ 1924లో ప్రచురించిన పరిశోధనలో సవిస్తరంగా చర్చించాడు. ఎర్విన్ పనోఫ్‌స్కీ 1953 నాటి నెదర్లాండ్స్ చిత్రకళా గ్రంథం ఆ అవగాహనకు విస్తృత ప్రచారం కల్పించింది. మరియ శయ్యపై పడుకొని ఉండే పాత పద్ధతి పోయి, నేలపై ఉన్న శిశువు ముందు మోకరిల్లే కొత్త పద్ధతి వ్యాపించడానికి బ్రిజిత దర్శనం బలమైన కారణమన్న విషయంలో వివాదం లేదు. వివాదం ఉండవలసినది వేరొకచోట. మోకరిల్లిన మరియకు ఆధారమైన గ్రంథమే చీకటికి కూడా ఆధారమా? దర్శనపాఠం వెలుగుల మధ్య పోటీని వర్ణించింది, చీకటిని వర్ణించలేదు. ఈ రెండింటి మధ్యనున్న భేదం సూక్ష్మంగా కనిపించినా, చిత్రకారుడి పనిలో అది చాలా పెద్దది.

3. పగటివేళ కొవ్వొత్తి: కాంపిన్, రోజియర్:

దిజోన్ నగర లలితకళా సంగ్రహాలయంలోని జననదృశ్యం రాబర్ట్ కాంపిన్ రచనగా ప్రసిద్ధం. 1420-1430 మధ్యకాలానికి చెందిన ఈ చిత్రంలో తెల్లని దుస్తులతో మరియ మోకరిల్లి ఉంటుంది. శిశువు నేలపై నగ్నంగా ఉంటాడు. వృద్ధుడైన యోసేపు వెలిగించిన కొవ్వొత్తిని పట్టుకొని, చేతిని అడ్డుపెట్టి దాని జ్వాలను కాపాడుతుంటాడు. దూరాన కొండల వెనుకనుండి బంగారుకిరణాలతో సూర్యుడు ఉదయిస్తుంటాడు. దృశ్యమంతా శీతకాలపు పగటి వెలుతురులో స్పష్టంగా ఉంటుంది.

బ్రిజిత పాఠంలోని పోలికకు అంగాలైన సూర్యుడు, కొవ్వొత్తి, శిశువు మూడూ ఈ చిత్రంలో ఉన్నాయి. అంటే చిత్రకారుడు పాఠాన్ని ఎరిగినవాడు, దానిని శ్రద్ధగా అనుసరించినవాడు. కానీ పోలిక మాత్రం కంటికి కనిపించదు. పగటివెలుగులో ఏ కొవ్వొత్తి అయినా వెలవెలపోతుంది. అందుకు దివ్యశిశువు అవసరం లేదు. పాఠం తెలిసిన ప్రేక్షకుడు కొవ్వొత్తిని చూసి దివ్యతేజస్సును గుర్తు చేసుకుంటాడు. పాఠం తెలియని ప్రేక్షకుడికి పట్టపగలు దీపం పట్టుకున్న ఒక ముసలివాడు మాత్రమే కనిపిస్తాడు. ఇక్కడ వెలుగు సంకేతంగా ఉన్నదే గాని అనుభవంగా లేదు.

బెర్లిన్ చిత్రశాలలో ఉన్న రోజియర్ వాన్ డర్ వైడెన్ బ్లాడెలిన్ బలిపీఠఫలకం (సుమారు 1445-1450) కూడా ఈ మార్గాన్నే అనుసరించింది. అందులోనూ యోసేపు కొవ్వొత్తికి చేతిని అడ్డుపెడతాడు. వెనుక నగరవీథులు పగటివెలుగులో నిర్మలంగా కనిపిస్తాయి. గోడకు అమర్చవలసిన కొవ్వొత్తి యోసేపు చేతిలోకి రావడం, బయటికి వెళ్లవలసిన యోసేపు లోపలే నిలవడం గమనించదగినవి. దర్శనపాఠాన్ని అనుసరించిన చిత్రకారులు సైతం దానిని యథాతథంగా అనువదించలేదు. తమ అవసరానికి తగినట్లు మార్చుకున్నారు. ఈ ఇద్దరి చిత్రాలలో బ్రిజిత ఉంది, రాత్రి లేదు.

4. రాత్రికి మూలం: కొండమీది కాపరులు:

సువార్తలలో జననకథకు రాత్రితో స్పష్టమైన సంబంధం కల్పించినది లూకా సువార్త 2వ అధ్యాయం. అక్కడ కూడా ప్రసవం ఏ వేళ జరిగిందో చెప్పలేదు. రాత్రివేళ పొలంలో మందను కాస్తున్న కాపరులకు దూత ప్రత్యక్షమైనాడని, ప్రభువు మహిమ వారి చుట్టూ ప్రకాశించిందని మాత్రమే ఉంది. కనుక వాఙ్మయపరంగా రాత్రి మొదట కాపరులది. ఆ తరువాతే అది శాలది.

చిత్రకళాచరిత్రలోనూ ఈ క్రమమే కనిపిస్తుంది. ఫ్లోరెన్స్‌లోని సాంతా క్రోచే ఆలయంలో బరోంచెల్లి ప్రార్థనామందిరపు గోడలపై తద్దేయో గద్ది సుమారు 1328-1330 ప్రాంతంలో కాపరులకు దూత ప్రత్యక్షమయ్యే ఘట్టాన్ని రాత్రిదృశ్యంగా చిత్రించాడు. దూత నుండి వచ్చే కాంతి కొండచరియను, కాపరులను తాకుతుంది. బ్రిజిత బెత్లెహేము యాత్రకు ఇది నాలుగు దశాబ్దాలు ముందటిది. అతిమానుషమైన వెలుగు చీకటిలో లోకవస్తువులపై పడే తీరును చిత్రించడానికి ఆమె దర్శనం కోసం వేచి ఉండవలసిన అవసరం లేకపోయిందని ఈ చిత్రం రుజువు చేస్తుంది.

జెంతీలే ద ఫాబ్రియానో 1423లో పూర్తిచేసిన, నేడు ఉఫ్ఫీజీ సంగ్రహాలయంలో ఉన్న జ్ఞానుల ఆరాధన ఫలకం అడుగుపట్టీలో ఒక చిన్న జననదృశ్యం ఉంది. అందులో నక్షత్రాలు నిండిన ఆకాశం కింద నేలమీది శిశువు వెలుగు మరియపై పడుతుంది. పక్కనే కొండపై దూతకాంతిలో కాపరులు కనిపిస్తారు. బ్రిజిత పాఠంలోని నేలమీది శిశువు, లూకా సువార్తలోని కాపరుల రాత్రి ఈ చిన్న చిత్రంలో ఒకదాని పక్కన ఒకటి చేరాయి.

ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన రాత్రిచిత్రణ ముందుగా గ్రంథచిత్రాలలో అభ్యాసమైంది. నైమేఖెన్ నుండి ఫ్రాన్సుకు వెళ్లిన లింబూర్గ్ సోదరులు బెర్రీ ప్రభువు కోసం 1411-1416 మధ్య చిత్రించిన ప్రార్థనాగ్రంథంలో క్రీస్తు నిర్బంధఘట్టం నక్షత్రాకాశం కింద దాదాపు పూర్తి చీకటిలో ఉంటుంది. ఆంజూ ప్రభువు రెనే రచించిన ప్రణయకావ్యపు వియన్నా ప్రతిలో, బార్తెలెమీ డెయిక్ చిత్రించినట్లుగా భావిస్తున్న శయనాగార దృశ్యం గదిలోని కృత్రిమకాంతిని, దాని నీడలను గమనించి వేసినది. మతసంబంధం లేని ఘట్టాలలో కూడా రాత్రి చిత్రకారుడికి ఆసక్తికరమైన సమస్యగా మారిందని దీనివలన తెలుస్తుంది. ఫలకచిత్రకారుడు జననదృశ్యంలో రాత్రిని ప్రవేశపెట్టేనాటికి రాత్రిని చూసే కన్ను సిద్ధమై ఉంది.

5. హ్యూగో - గేర్ట్‌గెన్:

గేర్ట్‌గెన్ చిత్రం పూర్తిగా అతని స్వీయకల్పన కాకపోవచ్చునని, ఘెంట్ నగరానికి చెందిన హ్యూగో వాన్ డర్ గూస్ (మరణం 1482) చిత్రించి, నేడు అలభ్యమైన ఒక రాత్రిదృశ్యం దానికి మూలమని పరిశోధకులు విశ్వసిస్తారు. హ్యూగో రచనలలో లభ్యమైన వాటిలో అతిప్రసిద్ధమైనది పోర్టినారి బలిపీఠఫలకం. 1483లో ఫ్లోరెన్స్ చేరిన ఆ మహాఫలకంలో శిశువు కటికనేలపై కిరణాలతో ఉంటాడు, దృశ్యం మాత్రం పగటివేళదే. చుట్టూ ఉన్నవారి ముఖాలకు వెలుతురు శిశువు నుండి రాదు. అందువలన రాత్రిదృశ్యం హ్యూగోకు కూడా తన పూర్వపద్ధతి సహజంగా దారితీసిన ఫలితం కాదు. వేరొక సమస్యకు వెతికిన వేరొక పరిష్కారం.

ఇప్పుడు లండన్ పలకను బ్రిజిత దర్శనంతో పోల్చి చూస్తే భేదాలు స్పష్టమవుతాయి. దర్శనంలో శిశువు నేలపై ఉంటాడు. పలకలో తొట్టిలో ఉంటాడు. ఇది తెలుగు బైబిలు పాఠకులకు సుపరిచితమైన లూకా సువార్తలోని పశువులతొట్టి. దర్శనంలో మరియది తెల్లని వస్త్రం. పలకలో ఆమె వస్త్రం చీకటిలో కలిసిపోయే ముదురురంగుది. దర్శనంలో కొవ్వొత్తి ఉంది. పలక నేడున్న స్థితిలో యోసేపు దగ్గర కొవ్వొత్తి కనిపించదు. దర్శనంలోని జననఘట్టంలో కాపరులకు పాత్ర లేదు. పలకలో వారు వెలుగుల అమరికకు అవసరమైన అంగంగా ఉన్నారు. బ్రిజిత నుండి ఈ చిత్రం నిలుపుకున్నది శిశువు తేజస్సును మాత్రమే. మిగిలినవన్నీ లూకా కథనానికి సన్నిహితమైనవి.

కాపరుల మంట విషయం ప్రత్యేకంగా పరిశీలించదగినది. లూకా సువార్తలో మంట ప్రసక్తి లేదు. అది చిత్రకారుల సంప్రదాయం చేర్చినది. ఈ పలకలో అది మానవులు రగిల్చిన ఏకైక వెలుగు. కాంపిన్ చిత్రంలో యోసేపు కొవ్వొత్తి చేసిన పనిని ఇక్కడ కొండమీది మంట చేస్తున్నది. శిశువు వెలుగు, దూత వెలుగు, మంట వెలుగు అనే మూడింటికీ ఒక తారతమ్యక్రమం ఏర్పడింది. మొదటిది సమీపంలో ఉండి ముఖాలను మలుస్తుంది. రెండవది దూరాన ఉండి కొండను తెల్లబరుస్తుంది. మూడవది తన చుట్టూ కొద్దిమేర మాత్రమే ఎర్రబరుస్తుంది. దైవం, దూత, మనిషి అనే క్రమాన్ని చెప్పడానికి ఇక్కడ ఏ గ్రంథపాఠమూ అవసరం లేదు. కంటికి కనిపించే హెచ్చుతగ్గులే ఆ క్రమాన్ని చెబుతున్నాయి. బ్రిజిత వాక్యంలో ఉన్న పోలిక చిత్రంలో పోలికగా పనిచేసినది ఇక్కడే. విచిత్రమేమంటే, అందుకోసం ఆమె చెప్పిన కొవ్వొత్తిని వదులుకోవలసి వచ్చింది.

6. చీకటి - చిత్రకారుడి సాధనం:

నెదర్లాండ్స్ తైలచిత్రం సాధారణంగా ఓక్ పలకపై సుద్ద, జంతుజిగురు కలిపిన తెల్లని పూతతో మొదలవుతుంది. దానిపై నూనెలో కలిపిన పారదర్శకవర్ణాలను పలుచని పొరలుగా వేస్తారు. వెలుతురు ఆ పొరలగుండా వెళ్లి తెల్లని పూతపై ప్రతిఫలించి తిరిగిరావడం వలన రంగులు లోపలినుండి వెలుగుతున్నట్లు ఉంటాయి. వాన్ ఐక్ తరంనుండి ఈ చిత్రకళ సాధించిన కీర్తికి ఈ పద్ధతి ఒక ముఖ్యకారణం. రాత్రిదృశ్యాన్ని ఎంచుకున్న చిత్రకారుడు పలకలో అధికభాగంపై ఈ కాంతిని తానే కప్పివేయవలసి ఉంటుంది. పట్టువస్త్రాల నిగనిగ, దూరాన నగరాలు, గడ్డిపరకలు మొదలైన ప్రేక్షకరంజకాలను వదులుకోవలసి ఉంటుంది. కాబట్టి చీకటి ఈ సంప్రదాయంలో మూల్యం చెల్లించి తెచ్చుకున్న సాధనం.

ఆ మూల్యానికి ఫలితం ముఖాలలో కనిపిస్తుంది. పగటిదృశ్యంలో వెలుగు పైనుండి లేదా పక్కనుండి వస్తుంది. ఇక్కడ అది కిందినుండి వస్తుంది. గడ్డం, ముక్కుపుటాలు, కనుబొమల అడుగుభాగం వెలిగి, నుదురు నీడలోకి పోతుంది. అందరి ముఖాలూ ఒకే బిందువునుండి రూపం పొందడంతో, ఎవరు ఎటు చూస్తున్నారో గమనించకముందే దృశ్యానికి కేంద్రం ఏదో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. వెలుగునుండి దూరం పెరిగేకొద్దీ ఆకృతులు క్షీణిస్తాయి. యోసేపు నీడగా మిగలడం అతని పాత్రపై తీర్పు కాదు. అతడు నిలిచిన దూరానికి అది లెక్క.

ఈ యథార్థత మతభావాన్ని పలుచన చేసిందా అన్న ప్రశ్న సహజం. సంకేతాలు తగ్గి పరిశీలన పెరిగినచోట భక్తి తగ్గి లౌకికదృష్టి పెరుగుతుందన్న అభిప్రాయం కళాచరిత్రలో అరుదు కాదు. ఈ చిత్రం ఆ అభిప్రాయాన్ని బలపరచదు. వెలుగు పడే తీరు, దూరంతో తగ్గే తీరు, నీడలు ఏర్పడే దిశ అన్నీ ప్రకృతినియమాన్నే పాటిస్తాయి. నియమానికి లొంగనిది ఒక్కటే. ఆ వెలుగు ఒక పసిబిడ్డ దేహంనుండి వస్తున్నది. పరిసరాలన్నీ సహజంగా ఉన్నందువలననే ఆ ఒక్క అసహజం అద్భుతంగా గోచరిస్తుంది. ఇక్కడ యథార్థత అద్భుతానికి విరోధి కాదు, దానికి సాక్షి.

పలక పరిమాణం కూడా ఈ సందర్భంలో గణనీయం. చేతికి అందేంత దగ్గరలో ఉంచి చూడవలసిన ఇలాంటి చిన్న ఫలకాలు ఆనాడు వ్యక్తిగత ప్రార్థనకు ఉపయోగపడేవి. అటువంటి ప్రార్థనలో, ముఖ్యంగా రాత్రివేళ, కొవ్వొత్తి ప్రేక్షకుడి దగ్గరే ఉండి ఉంటుంది. ఇది ఊహ అయినా చిత్రనిర్మాణానికి అనుగుణమైన ఊహ. యోసేపు చేతినుండి తొలగిన కొవ్వొత్తి ప్రేక్షకుడి చేతికి వస్తే, బ్రిజిత చెప్పిన పోటీ చిత్రంలోని పాత్రకూ శిశువుకూ మధ్యకాక, చూసేవాడి దీపానికీ శిశువుకూ మధ్య జరుగుతుంది.

7. తరువాతి పరిణామం:

కొరెజ్జో 1522లో ఒప్పుకొని సుమారు 1530 నాటికి పూర్తిచేసిన, 'రాత్రి' అనే పేరుతోనే ప్రసిద్ధమైన డ్రెస్డెన్ చిత్రంలో ఈ పద్ధతి మహాఫలకస్థాయికి పెరిగింది. అందులో కాపరులు దూరపు కొండను విడిచి శాలలోకి వచ్చారు. ఒక స్త్రీ ఆ తేజస్సుకు తట్టుకోలేక చేతిని అడ్డుపెట్టుకుంటుంది. కాంపిన్ యోసేపు జ్వాలను కాపాడడానికి అడ్డుపెట్టిన చేయి ఇక్కడ కళ్లను కాపాడుకోవడానికి వచ్చింది. ఈ రెండు చేతుల మధ్య నూరేళ్ల చరిత్ర ఉంది. రెంబ్రాంట్ 1646 నాటి కాపరుల ఆరాధన చిత్రంలో (మ్యూనిక్) మనుషుల లాంతరు తిరిగి ప్రవేశించింది. అయితే అప్పటికి చీకటి జననదృశ్యానికి స్వాభావికమైన నేపథ్యంగా స్థిరపడింది.

8. ముగింపు:

ఈ పరిశీలనవలన తేలిన అంశాలు:

• బ్రిజిత దర్శనం మోకరిల్లిన మరియకు, నేలపైని శిశువుకు, కొవ్వొత్తికి ఆధారం. రాత్రిచిత్రణకు దానినొక్కదానినే ఆధారంగా చూపడం సరికాదు. కాంపిన్, రోజియర్ చిత్రాలు ఇందుకు నిదర్శనం.

• రాత్రి లూకా సువార్తలోని కాపరుల ఘట్టంనుండి, దానిని రాత్రిదృశ్యంగా చిత్రించిన సంప్రదాయంనుండి శాలలోకి ప్రవేశించింది. లండన్ పలకలో కొండ, శాల ఒకే చూపులోకి రావడం ఈ ప్రవేశానికి దృశ్యసాక్ష్యం.

• కొవ్వొత్తి తొలగి కాపరుల మంట ఆ స్థానాన్ని పొందడంతో, గ్రంథపాఠంపై ఆధారపడిన సంకేతం స్వయంగా గోచరించే అనుభవంగా మారింది.

• ఆధారగ్రంథం చిత్రకారుడికి ఏమి చిత్రించాలో సూచించగలదు. దానిని చూపే మార్గం చిత్రకారుడే కనుగొనాలి. పాఠంలోని వివరాలు చిత్రంలో ఎన్ని ఉన్నాయని లెక్కించే విమర్శపద్ధతికి కాంపిన్ విధేయుడుగా, గేర్ట్‌గెన్ దూరస్థుడుగా తోస్తారు. పాఠం ఏమి చెప్పదలచిందని ప్రశ్నించే పద్ధతికి, కొవ్వొత్తిని విడిచిన చిత్రమే ఆ పాఠానికి ఎక్కువ సన్నిహితమని అవగతమవుతుంది.